వంటింటి దినుసులతో బాల్కనీ తోట: బెంగళూరు ఇళ్లకు పూర్తి మార్గదర్శి

ధనియాల డబ్బా, మెంతుల సీసా, బుట్టలో మొలకేసిన ఉల్లిపాయ, ఫ్రిజ్ మూలలో కన్ను తెరిచిన అల్లం ముక్క. బెంగళూరులో బాల్కనీ తోట మొదలుపెట్టడానికి ఇంతకంటే పెద్దగా ఏమీ అక్కర్లేదు. కానీ వంటింట్లో ఉన్న ప్రతి గింజా విత్తనం కాదు. చల్లిన ధనియాలు రెండు వారాలైనా మొలవకపోతే చాలామంది మట్టి బాగాలేదనో, తమ చెయ్యి మంచిది కాదనో అనుకుని వదిలేస్తారు. చాలాసార్లు ఆ గింజ కుండీలోకి రాకముందే ప్రాణం పోయి ఉంటుంది. అందుకే మట్టి సంగతి చూసేముందు ప్రతి దినుసు గురించీ ఒకటి కనుక్కోవాలి: మన ఇంటికి చేరేలోపు దీన్ని ఏం చేశారు? ఉడకబెట్టారా, వేయించారా, పప్పుగా పగలగొట్టారా, లేతగా కోసేశారా, మొలక రాకుండా ఏమైనా చేశారా? ఇది తెలిస్తే సగం పని అయినట్టే.

ఏ గింజకు ప్రాణం ఉంది

పప్పులతో మొదలుపెడదాం. కందిపప్పు, శనగపప్పు, పెసరపప్పు బద్దలుగా విడిపోయినవి. మొలక వచ్చే ముక్కు ఆ పగలడంలోనే దెబ్బతింటుంది. పొట్టు తీసిన మినపగుళ్లనూ నమ్ముకోవద్దు. పొట్టుతో ఉన్న గుండు గింజలు, అంటే కందులు, పెసలు, నల్ల మినుములు, బొబ్బర్లు, అనుములు, ఉలవలు, శనగలు బాగా మొలుస్తాయి. నువ్వుల్లో పొట్టుతో ఉన్నవే తీసుకోవాలి, పొట్టు తీసిన తెల్లనువ్వులు వద్దు.

పసుపు కొమ్ములు ఎంత మంచివైనా మొలవవు. తవ్విన పసుపును నీళ్లలో ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టాకే అవి మన డబ్బాలోకి వస్తాయి. మిరియాలు పండకముందే కోసి ఎండబెట్టినవి. యాలకులను పూర్తిగా పండకముందే కోసి వేడి గదుల్లో ఆరబెడతారు. శొంఠి పూర్తిగా ఎండిపోయిన అల్లం. వీటికోసం కుండీ ఖాళీ చేయొద్దు. జీలకర్ర మొలుస్తుంది గానీ అది రాజస్థాన్, గుజరాత్‌ల పొడి చలికాలపు పంట, ఇక్కడి తేమలో నిలబడటం కష్టం. వాము గింజలు మొలుస్తాయి, అయితే బజ్జీలు వేసుకునే మందపాటి వామాకు మొక్క వేరు. కన్నడంలో దాన్ని దొడ్డపత్రె అంటారు. అది కొమ్మ గుచ్చితే వస్తుంది.

కూరగాయల్లో బెండ, బీర, వంకాయ, పచ్చిమిర్చి మనం లేతగా ఉన్నప్పుడే తింటాం. వాటిలోని గింజ ఇంకా ముదరదు. పండాక తినేవాటిలో గింజ ముదిరి ఉంటుంది: టమాట, గుమ్మడి, పసుపు దోసకాయ, పండుమిర్చి. బుట్టలో మరిచిపోయిన కాకరకాయ నారింజరంగుకు తిరిగి పగిలితే, ఆ ఎర్రటి కండ లోపలి గింజ గట్టిగా ఉందేమో చూడండి. గట్టిగా ఉంటే వేయొచ్చు.

ఉల్లిపాయలు, బంగాళాదుంపల సంగతి కొంచెం వేరు. గోదాముల్లో మొలకెత్తకుండా బంగాళాదుంపలకు మందు పొగ పెట్టడం ఉంది. నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో ఉల్లిని రేడియేషన్‌తో శుద్ధి చేసే కేంద్రమే ఉంది. అలాంటివి నెలల తరబడి పెట్టినా మొలక రాదు, నాటితే కుళ్లుతాయి. కాబట్టి దుంపను కొని మొలకకోసం ఎదురుచూడటం కంటే, వంటింట్లో దానంతట అదే మొలకెత్తినదాన్ని నాటడం మంచి పద్ధతి.

అనుమానం ఉన్న ప్రతి గింజకూ ఒక పరీక్ష ఉంది. పది గింజలు లెక్కపెట్టి రాత్రంతా నానబెట్టండి. తడిపి పిండిన గుడ్డలో మూటకట్టి, మూత వదులుగా ఉన్న డబ్బాలో పెట్టండి. పెసలు, బొబ్బర్లు, మెంతులకు మూడు రోజులు, ధనియాలకు పది రోజులు, మిరప, టమాటలకు పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వండి. ఎనిమిది మొలిస్తే మామూలుగా వేయండి. అయిదారు మొలిస్తే రెట్టింపు గింజలు వేయండి. నాలుగుకు తగ్గితే ఆ డబ్బా వంటకే. గుడ్డ నుంచి నీళ్లు కారేలా ఉంచితే మంచి గింజ కూడా ఊపిరాడక కుళ్లుతుంది, అప్పుడు పరీక్షే తప్పుతుంది.

మట్టి, కుండీ, నీళ్లు

12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తున్న గ్రో బ్యాగులో పైన రెండంగుళాలు వదిలేస్తే దాదాపు 18 లీటర్ల మట్టి పడుతుంది. ఎర్రమట్టి 6 లీటర్లు, బాగా మాగిన కంపోస్టు 6 లీటర్లు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) 6 లీటర్లు, వేపపిండి రెండు గుప్పిళ్లు, అంటే సుమారు 100 గ్రాములు. దీన్ని కలిపి, తడిపి, వారం రోజులు నీడలో ఉంచి ఆ తర్వాత వాడండి. ఆకుకూరలకు 6 అంగుళాల లోతు చాలు, దుంపలకు 12, తీగలకు 15 నుంచి 18 కావాలి.

బెంగళూరులో ఇల్లు కట్టేచోట పునాది తవ్విన ఎర్రమట్టి ఊరికే దొరుకుతుంది. తెచ్చుకోకండి. లోతు నుంచి తీసిన ఆ మట్టిలో సారం ఉండదు, నాలుగు రోజులు నీళ్లు పోయకపోతే ఇటుకలా బిగుస్తుంది. పైపొర మట్టి కావాలి. లాల్‌బాగ్ నర్సరీలో గానీ మీ పేట నర్సరీలో గానీ అడగండి. కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉంటుంది, కనుక దాన్ని బకెట్లో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఒకసారి కడిగాకే కలపాలి. ఇంటి కంపోస్టు మాగిందో లేదో తెలియకపోతే ఒక గ్లాసులో వేసి పది మెంతులు చల్లండి. అయిదు రోజుల్లో పచ్చగా లేస్తే వాడుకోవచ్చు. మొలకలు మాడినా, అసలు లేవకపోయినా ఇంకో నెల ఆగండి.

తడిసిన మట్టి లీటరుకు ఇంచుమించు కిలో తూగుతుంది. అలాంటి బ్యాగులు పది పెడితే దాదాపు రెండు వందల కిలోలు. వాటిని రెయిలింగ్ అంచున కాకుండా గోడ వెంబడి పరచండి, అద్దె ఇల్లయితే ఓనరుకు ముందే ఒక మాట చెప్పండి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుండీ అంచుల చుట్టూ తెల్లటి పొర కడుతుంది. ఆకుల కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. అది తెగులు కాదు, నీళ్లలోని లవణం పేరుకోవడం. ఎండాకాలంలో నెలకొకసారి బ్యాగు అడుగునుంచి ధారగా కారేదాకా నీళ్లు పోసి ఆ ఉప్పును కడిగేయండి. మే జల్లుల్లోనూ, సెప్టెంబర్, అక్టోబర్ వానల్లోనూ బకెట్లు బయటపెట్టి నీళ్లు పట్టుకుంటే నారుకు అంతకంటే మంచి నీళ్లు ఉండవు. బియ్యం కడిగిన నీళ్లు ఆ రోజే పోసేయాలి, పులిస్తే దోమలు ముసురుతాయి. ఉప్పు వేసి ఉడికించిన నీళ్లు మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇక ఎండ. రోజుకు నాలుగు గంటల ఎండ పడే చోట ఆకుకూరలు వస్తాయి, ఆరు గంటలు పడితేనే టమాట, మిరప, దోస కాస్తాయి. ఉత్తరం బాల్కనీ ఉన్నవాళ్లు పుదీనా, వామాకు, అల్లంతో సరిపెట్టుకుంటే నిరాశ ఉండదు.

ధనియాల నుంచి కొత్తిమీర

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూద్దాం. ఒక ధనియాన్ని గోళ్ల మధ్య పెట్టి నొక్కండి. అది రెండు గిన్నెల్లా విడిపోతుంది. ఒక్క గింజలా కనిపించేదానిలో నిజానికి రెండు గింజలు ముఖాముఖి అతుక్కుని ఉంటాయి. విడదీయకుండా చల్లితే గట్టి పెంకు నాని నీరు లోపలికి వెళ్లడానికే రోజులు పడుతుంది, రెండు మొక్కలూ ఒకేచోట లేచి పోట్లాడుకుంటాయి.

ధనియాలు కొనేటప్పుడు కాస్త పచ్చరంగు మిగిలి, నలిపితే ఘాటుగా వాసన వచ్చేవి ఎంచుకోండి. ఎండి పాలిపోయినవి పాత సరుకు. ఒక అడుగు వెడల్పు, రెండడుగుల పొడవున్న ట్రేకు రెండు టేబుల్ స్పూన్లు, అంటే సుమారు 10 గ్రాములు చాలు. వాటిని గుడ్డమీద పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పి, చపాతీ కర్రతో తేలిగ్గా దొర్లించండి. బద్దలుగా విడిపోతే చాలు, పొడి రాలిందంటే చెయ్యి బరువైందన్నమాట. ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టి, నీళ్లు వంపి, తడి గుడ్డలో ఒక రోజు ఉంచండి. నాలుగంగుళాలకో గీత గీసి, ఒక సెంటీమీటరు లోతున వేసి, పైన పలచగా కోకోపీట్ చల్లండి. మగ్గుతో నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి, స్ప్రే బాటిల్ వాడండి. తడి గోనెపట్టా కప్పి రోజూ ఎత్తి చూడండి. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో మొదటి తెల్లటి మెడ కనిపించిన రోజే పట్టా తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు సాగి పడిపోతాయి.

35 నుంచి 40 రోజులకు కోత. పీకకుండా మొదలుకు అంగుళంన్నర పైన కత్తిరిస్తే ఇంకోసారి వస్తుంది. రెండో కోత తర్వాత కాడ గట్టిపడుతుంది, ఆ ట్రే మళ్లీ వేయడమే. కొత్తిమీర వేరు నిటారుగా దిగుతుంది కనుక నారు పీకి వేరేచోట నాటితే బతకదు. బెంగళూరులో జూన్ నుంచి ఫిబ్రవరి దాకా దీనికి మంచి కాలం. మార్చి, ఏప్రిల్ ఎండల్లో అరచేయంత ఎదగకముందే పూతకొస్తుంది. ఆ రెండు నెలలూ మధ్యాహ్నం ఎండ తగలని చోట పెట్టండి, లేదా మెంతులకు మారండి.

మెంతులు మొదటిసారి తోట వేసేవాళ్లకు ధైర్యమిచ్చే గింజ. రాత్రి నానబెట్టి పొద్దున చల్లితే నాలుగో రోజుకు లేస్తాయి. పదిహేను రోజులకు బుల్లి మెంతికూర, నెలకు పెద్దది. ఆవాలు కూడా ఇలాగే, నానబెట్టాల్సిన పని కూడా లేదు.

కట్టలుగా కొన్న ఆకుకూరలు

పుదీనా కట్ట విప్పగానే ముదురు కాడలు వేరు చేయండి. కణుపుల దగ్గర సన్నటి తెల్లవేర్లు తొంగిచూస్తున్నవి ఉంటే అవే మొదటి ఎంపిక. నాలుగంగుళాల కాడకు పైన నాలుగు ఆకులు ఉంచి మిగతావి తుంచి, గ్లాసు నీళ్లలో పెడితే వారంలో వేళ్లు వస్తాయి. నీళ్లలో ఆకు మునిగితే గ్లాసంతా కుళ్లు వాసన వేస్తుంది, రోజు విడిచి రోజు నీళ్లు మార్చండి. పుదీనాకు సొంత కుండీ ఇవ్వండి. పక్క మొక్కతో పెడితే మట్టి కింద తీగలు పాకి మొత్తం ఆక్రమిస్తుంది.

గోంగూర విషయంలో వేళ్లతో అమ్మే కట్ట దొరికితే అదృష్టమే. ఆకు కోసుకుని, ఆరంగుళాల కాడ మిగిల్చి, సాయంత్రం పూట నాటి మూడు రోజులు నీడలో ఉంచండి. వేళ్లు లేకపోతే ముదురు కాడను ఎనిమిదంగుళాలు కత్తిరించి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా గుచ్చండి. పది గుచ్చితే అయిదారు నిలబడతాయని లెక్క వేసుకోండి. కొస తుంచుతూ ఉంటే పక్కకొమ్మలు వేసి నెలల తరబడి పచ్చడికి సరిపడా ఇస్తుంది. రోజులు చిన్నవయ్యే అక్టోబర్ తర్వాత పూతకు వెళ్తుంది కాబట్టి జూన్‌కే వేసేయడం మంచిది.

బచ్చలి, పొన్నగంటి కాడ గుచ్చితే చాలు. వేళ్లతో వచ్చే తోటకూర, పాలకూరలను మొదలుకు రెండంగుళాలు ఉంచి నాటితే రెండు మూడు కోతలు వస్తాయి.

అల్లం, పసుపు

వంటింటి తోటలో నిజంగా లాభం అల్లంలోనే ఉంది, ఓపికకూ పరీక్ష అక్కడే. అల్లం వేడికి లేచి చలికి పడుకునే పంట. డిసెంబర్‌లో నాటి రెండు నెలలు నీళ్లు పోసి కుళ్లబెట్టుకోవడం కంటే మార్చిలో మొదలుపెట్టండి.

అల్లం ముక్కను వెలుగులో తిప్పి చూడండి. కొమ్ముల కొసల దగ్గర ఉంగరాల్లాంటి గీతలు మూసుకుపోయేచోట, పాలిపోయిన పసుపుపచ్చ రంగులో చిన్న బొడిపె ఉంటుంది. అదే కన్ను. అది నిగనిగలాడుతూ ఉబ్బి ఉండాలి. కొస నల్లగా, లోపలికి పీక్కుపోయి ఉంటే ఆ కన్ను చచ్చిపోయింది.

1. కన్నులున్న ముక్కలను రాత్రి నీళ్లలో వేసి ఉంచండి. పొద్దున ఒక్కో ముక్క 20 నుంచి 30 గ్రాములు ఉండేలా, ఒకటి రెండు కన్నులతో విరవండి. ఒకరోజు నీడలో ఆరితే విరిగినచోట తోలు కడుతుంది.
2. తడి కోకోపీట్ ఉన్న పళ్లెంలో సగం మునిగేలా పరచి వెచ్చటి మూలన పెట్టండి. రెండు మూడు వారాల్లో కన్ను అర అంగుళం లేస్తుంది.
3. ఏప్రిల్ చివర, మే మొదటి జల్లులప్పుడు నాటండి. లోతు కంటే వెడల్పు ముఖ్యం. 15 అంగుళాల వెడల్పు బ్యాగును ముప్పావు వంతే నింపి, మూడు ముక్కలు దూరదూరంగా, కన్ను పైకి, రెండంగుళాల లోతున పెట్టండి.
4. పైన ఎండుటాకులు రెండంగుళాల మందాన కప్పండి. నెలన్నరకు ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి కంపోస్టు కలిపిన మట్టి పైకి పోయండి. అల్లం పక్కకు, పైకి ఊరుతుంది. బయటపడిన దుంప పచ్చబడి పెరగడం మానేస్తుంది.

పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు చాలు. అయిదారు నెలలకు పక్కనుంచి వేలు పెట్టి తవ్వి లేత అల్లం విరుచుకోవచ్చు. ముదురు అల్లానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. జనవరిలో ఆకు పండి వాలిపోయాక నీళ్లు ఆపి రెండు వారాల తర్వాత తవ్వండి.

దీన్ని చంపేది దుంపకుళ్లు. ఆగస్టు, సెప్టెంబర్ వానల్లో కింది ఆకులు పసుపెక్కుతాయి, కాడ లాగితే చేతికి ఊడి వస్తుంది, మొదలు దగ్గర మెత్తబడి కంపు కొడుతుంది. అప్పుడు చేయగలిగిందేమీ లేదు. మిగిలిన మంచి కొమ్ము ఉంటే వంటకు తీసుకుని, ఆ మట్టిలో మళ్లీ అల్లం, పసుపు వేయకండి. బ్యాగు కింద రెండు ఇటుకలు పెట్టి నీరు నిలవకుండా చూసుకోవడమే అసలు మందు.

పసుపుకు పచ్చి దుంప కావాలి. సంక్రాంతి ముందు మార్కెట్లకు ఆకులతో సహా వచ్చే పసుపు మొక్క అందుకు తగినది. పూజ అయ్యాక దుంపలు విరిచి, కడగకుండా, పొడి ఇసుకలో నీడపట్టున ఏప్రిల్ దాకా దాచండి. నాటడం, మట్టి ఎగదోయడం అంతా అల్లంలాగే, తవ్వడం మళ్లీ సంక్రాంతి దాటాక.

మిగతా దుంపలు

ఎర్ర ఉల్లిపాయను మొత్తంగా నాటితే మళ్లీ గడ్డ కట్టదు. ఉల్లికాడలిచ్చి, పూవు తీసి, పోతుంది. కాడలకోసమే అయితే మొలకెత్తినదాన్ని నాటండి, మూడు వారాల్లో కోత. గడ్డ కావాలంటే సాంబారులో వేసే చిన్న ఉల్లిపాయలు వేయాలి. ఒక్కటి నాటితే గుత్తిగా అయిదారు పిల్లలు పెడుతుంది. మెడ మట్టిపైకి కనిపించేలా, నాలుగంగుళాలకొకటి పెట్టండి. 65 నుంచి 75 రోజులకు ఆకు వాలిపోతుంది, అప్పుడు తీయండి. వెల్లుల్లికి గడ్డ కట్టడానికి గట్టి చలి కావాలి కనుక బాల్కనీలో పెద్ద గడ్డలు ఆశించకండి. రెబ్బలు గుచ్చితే ఆకు మాత్రం రెండు వారాల్లోనే వస్తుంది, చట్నీకి అమోఘం.

బంగాళాదుంపకు రాత్రులు చల్లగా ఉండాలి, 20 డిగ్రీలకు తగ్గితేనే బాగా ఊరుతుంది. హాసన్ వైపు రైతులు మే వానలకు వేస్తారు గానీ బ్యాగుల్లో అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో వేయడం నయం. పొట్టిగా, లావుగా మొలకలున్న దుంపను 40, 50 గ్రాముల ముక్కలు కోసి రెండు రోజులు ఆరనివ్వండి. తడి కోతతో నాటితే వారంలో కుళ్లుతుంది. 15 అంగుళాల బ్యాగులో అడుగున నాలుగంగుళాల మట్టి పోసి రెండు ముక్కలు పెట్టి, మొక్క ఎదిగేకొద్దీ కొసలు మాత్రం వదిలి మట్టి పోస్తూ రండి. 80 నుంచి 100 రోజులు. ఎండ తగిలి పచ్చబడిన దుంపలు, మొక్కకు కాసే పచ్చటి కాయలు విషం, పిల్లలకు అందకుండా చూడండి. టమాట, వంగ, మిరప దీని చుట్టాలే కనుక ఇది తీసిన మట్టిలో వాటిని వేయొద్దు.

రాయలసీమలో గెనుసుగడ్డ, కన్నడంలో గెణసు, మిగతా చోట్ల చిలగడదుంప. దీన్ని దుంపగా పాతితే ఆకే ఎక్కువ. గ్లాసు నీళ్లలో సగం మునిగేలా నిలబెట్టి, వచ్చిన తీగలు అడుగు పొడవు కాగానే కత్తిరించండి. మధ్యభాగం మట్టిలోకి, రెండు కొసలు పైకి ఉండేలా పడుకోబెట్టి నాటండి. తీగ నేలను తాకినచోటల్లా వేళ్లు వేసి బలమంతా పంచేసుకుంటుంది, అందుకే పదిహేను రోజులకొకసారి తీగలు ఎత్తి తిప్పండి. మూడున్నర, నాలుగు నెలలకు తవ్వొచ్చు. చామదుంప నీళ్లు ఎక్కువ తాగే మొక్క, ఏసీ నీళ్లు కారే మూల ఉంటే అక్కడ పెట్టండి.

టమాట, మిరప, దోసకాయ

నున్నగా, గట్టిగా ఉన్న టమాటలు ఎక్కువగా హైబ్రిడ్‌వి. వాటి గింజ మొలుస్తుంది గానీ ఒక్కో మొక్క ఒక్కో రకంగా కాస్తుంది. బెంగళూరు అంగళ్లలో ‘నాటి’ టమాట, అంటే నాటు టమాట అని అమ్మేవాటిలో పలుచటి తోలు, పులుపు, పైన గాడులు ఉన్న కాయ ఎంచుకోండి. బాగా పండనిచ్చి, గుజ్జుతో గింజలు గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్లు పోసి రెండు రోజులు ఉంచండి. గింజ చుట్టూ ఉన్న జిగురే మొలకను ఆపుతుంది, పులిస్తే అది విడిపోతుంది. మునిగిన గింజలు కడిగి, ప్లేటు మీద ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అతుక్కుంటాయి. నాలుగు వారాల నారును మొదటి ఆకుల దాకా లోతుగా నాటండి, కాండం పొడవునా వేళ్లు వస్తాయి. కాయ అడుగున నల్లటి మచ్చ వస్తే అది పురుగు కాదు. ఒకరోజు ఎండబెట్టి, ఒకరోజు ముంచేయడం వల్ల కాయకు కాల్షియం అందక వచ్చేది. గుడ్డు పెంకులు వేసినా అవి కరగడానికి నెలలు పడుతుంది, ముందు నీళ్లు క్రమం చేయండి.

మిరపకు పండుమిర్చి గింజ ఉత్తమం. ఎండుమిర్చి అయితే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే కొత్త సరుకు తీసుకోండి, గుంటూరు రకమైనా బ్యాడగి రకమైనా. సంచి అడుగున రాలిన గింజలు ఎప్పటివో తెలియదు. ఆకు ముడతే దీని ప్రధాన బాధ. ఆకు అంచులు పడవలా పైకి ముడిస్తే తామర పురుగులు, బోర్లించిన పడవలా కిందికి వంగితే తెల్లనల్లి. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి, సాయంత్రం ఆకు అడుగున తడిసేలా వారానికొకసారి కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ఆకులు చిన్నవై గుబురుగా గిడసబారితే అది తెల్లదోమ తెచ్చే వైరస్, ఆ మొక్కను పీకేయండి.

మన పసుపు దోసకాయ పప్పుకు గానీ ఆవకాయకు గానీ కోసినప్పుడు గట్టి గింజలు ఒక గుప్పెడు కడిగి ఆరబెట్టండి. 18 అంగుళాల బ్యాగుకు రెండు తీగలు. మొదటి పది రోజులు పూసేవన్నీ మగపూలే, రాలిపోతాయి, కంగారు పడొద్దు. వెనక చిన్న నూగు పిందె ఉన్నది ఆడపూవు. ఎత్తైన అంతస్తుల్లో తేనెటీగలు తక్కువగా వస్తాయి కనుక పొద్దున తొమ్మిదిలోపు మగపూవు రేకలు తీసి, దాని పుప్పొడిని ఆడపూవు మధ్యలో అద్దండి. పిందె నిమ్మకాయంత కాగానే పాత దుపట్టా గుడ్డతో వదులుగా కట్టండి, పండు ఈగ గుడ్లు పెట్టలేదు. దోస, గుమ్మడి, సొర ఏదైనా కోసిన వెంటనే చిన్న ముక్క నాలుకకు తాకించి చూడాలి. చేదుంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి, వండినా ఆ విషం పోదు.

బొబ్బర్లు, అనుములు, పల్లీలు

బొబ్బర్లు అంగుళం లోతున వేస్తే అయిదో రోజుకు లేచి, యాభై రోజులకు లేత కాయలిస్తాయి. పేనుబంక పడితే నీళ్లు గట్టిగా చిమ్మి కడిగేయండి. అనుములు, అంటే బెంగళూరు వాళ్ల అవరె, రోజులు చిన్నవైతేగానీ పూయవు. ఫిబ్రవరిలో వేస్తే తీగ పెరుగుతూనే ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో వేస్తే డిసెంబర్, జనవరికి కాయలు. ఏ కాలంలోనైనా పూసే అర్క జయ్, అర్క విజయ్ రకాలను హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసింది, గింజ దొరికితే కాలంతో పని లేదు.

కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషెలో, అంటే వేరుశనగ జాతరలో, పచ్చి వేరుశనగ కుప్పలుగా వస్తుంది. ఉడికించినవి, వేయించినవి వదిలి పచ్చివి కొని, బాగా ఎండబెట్టి, కాయతోనే దాచండి. జనవరి చివర గానీ జూన్‌లో గానీ, నాటే రోజే ఒలిచి, ఎర్రపొర చెదరకుండా రెండంగుళాల లోతున వేయండి. పసుపు పూవు రాలాక దాని కింది నుంచి ఒక సన్నటి ఊడ నేలలోకి దిగి అక్కడ కాయ అవుతుంది. పైమట్టి గట్టిగా ఉంటే ఊడ దిగలేక ఎండిపోతుంది. పూత మొదలవగానే మట్టి గుల్ల చేసి, మొదలుకు ఎగదోసి, ఇక కదిలించకండి. వంద, నూటపది రోజులకు ఒక కాయ తీసి ఒలవండి. పెంకు లోపల నల్లమచ్చలు ఉంటే పీకొచ్చు, తెల్లగా ఉంటే ఇంకో పది రోజులు.

పావురాలు, నారుకుళ్లు, కరివేపాకు

బెంగళూరు బాల్కనీల్లో పురుగు కంటే ముందు వచ్చేది పావురం. లేత మొలకలు పీకుతుంది, తడి మట్టిలో కూర్చుంటుంది. గింజ వేసిన రోజే ట్రే మీద వల కప్పాలి. మొలిచాక కప్పుదామనుకుంటే అప్పటికే సగం పోతాయి. రెండంగుళాల నారు సాయంత్రం బాగుండి పొద్దున మొదలు దగ్గర నలిగి పడిపోతే అది నారుకుళ్లు. గింజలు దట్టంగా పోసి, రోజూ రెండుపూటలా తడిపితే వస్తుంది. పైపొర ఆరాకే నీళ్లు పోయండి, గాలి ఆడేలా పలచగా వేయండి.

అంగడి కరివేపాకు రెబ్బను నీళ్లలో పెట్టి నెల రోజులు ఎదురుచూసేవాళ్లు చాలామంది. దానికి వేళ్లు రావు. పెద్ద చెట్టున్న ఇంట్లో అడిగి రెండు దారుల్లో తెచ్చుకోవచ్చు: చెట్టు మొదట్లో వేరునుంచి లేచిన పిలకను వేరు ముక్కతో సహా తవ్వుకోవడం, లేదా నల్లగా పండిన కాయలు ఏరుకోవడం. ఆ కాయ తోలు, గుజ్జు అదే రోజు కడిగేసి, ఆకుపచ్చటి గింజను ఎండబెట్టకుండా వెంటనే మట్టిలో అర అంగుళం లోతున పెట్టాలి. మూడు వారాలు దాటితే ఆ గింజ మొలకెత్తే శక్తి పోతుంది.